బరువులెత్తాలా, పరిగెత్తాలా? రెండూ చేసేవాళ్ల కోసం

పోయిన ఎపిసోడ్ తర్వాత నాకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, జిమ్ చేస్తూ రన్నింగ్ కూడా చేస్తే కండ కరిగిపోతుందంట కదా, నిజమేనా?" ఇంకొందరిది దీనికి ఉల్టా ప్రశ్న: "బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుపోయి పరుగు స్లో అవుతుందంట కదా?"

రెండు ప్రశ్నలకీ ఇవాళ జవాబు చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వినండి. అది జరగకపోతే ఈ ఎపిసోడ్ కూడా లేదు.

మాది లాల్ దర్వాజా. రెండేళ్ల కింద, బోనాల ఆదివారం. ఇంటి నిండా చుట్టాలు. అందరం కింద చాపల మీద బంతి వేసి కూర్చుని తిన్నాం. తిన్నాక అందరూ లేచారు, మా నాన్న లేవలేదు. ఏదో ముచ్చట్లో ఉన్నారనుకున్నాను. చూస్తే ఆయన ఒక చెయ్యి గోడ మీద పెట్టి, రెండో చెయ్యి నేల మీద ఆనించి ప్రయత్నిస్తున్నారు, కాళ్లు లేపడం లేదు. నేను పోయి భుజం ఇస్తే లేచారు. లేచి నవ్వేసి, "కాలు తిమ్మిరెక్కిందిరా" అన్నారు. తిమ్మిరి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ విషయం ఏమిటంటే, మా నాన్నకి పదిహేనేళ్లుగా షుగర్. డాక్టర్ చెప్పిన రోజు నుంచి వాకింగ్ ఒక్క రోజు మానలేదు. పొద్దున్నే లాల్ దర్వాజా నుంచి శాలిబండ మీదుగా చార్మినార్, ఒక రౌండ్ కొట్టి, చాయ్ తాగి మళ్లీ వాపస్. వానొచ్చినా అంతే. అట్లాంటి మనిషి నేల మీద నుంచి లేవలేకపోయారు.

మర్నాడు సోమవారం. ఘటాల ఊరేగింపు నయాపూల్ దాకా పోతుంది కదా, మేం కూడా వెంట నడిచాం. మా అక్క కొడుకుని నా భుజాల మీద ఎక్కించుకున్నాను. అప్పటికి నేను 120 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తున్నాను. జిమ్‌లో మస్తు పేరు. మా ఇంటి నుంచి నయాపూల్ ఎంత, మహా అయితే మూడు కిలోమీటర్లు. సగం కూడా పోకముందే నాకు ఆయాసం. పిల్లాడిని దింపేసి ఒక దుకాణం అరుగు మీద కూలబడ్డాను. నాన్న నా పక్కన నిలబడి నీళ్ల సీసా ఇచ్చారు. ఆయనకి చెమట కూడా పట్టలేదు.

ఆ రాత్రి నాకు అర్థమైంది. ఆయనకి దమ్ము ఉంది, బలం లేదు. నాకు బలం ఉంది, దమ్ము లేదు. ఇద్దరిదీ సగం సగం ఆరోగ్యమే.

సరే, ఇంజనీర్ కదా, ప్రాబ్లం కనిపించగానే ప్యాచ్ వేసేశాను. ఆ తర్వాతి సంవత్సరం ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ చేయాలని టార్గెట్ పెట్టుకున్నాను. జిమ్ వారానికి ఐదు రోజులు అట్లాగే ఉంచి, దాని మీద ఐదు రోజులు రన్నింగ్ ఎక్కించాను. ఆఫీసులో నైట్ సపోర్ట్ కూడా ఉండేది. మొదటి ఐదారు వారాలు సూపర్. బలమూ పెరుగుతోంది, దూరమూ పెరుగుతోంది. ఎనిమిదో వారానికి స్క్వాట్‌లో 10 కిలోలు తగ్గింది. మోకాలి కింద ఎముక దగ్గర నొప్పి. పొద్దున లేస్తే పడుకున్నట్టే ఉండదు. ఇంట్లో ప్రతి మాటకీ కసురుకోవడం.

అప్పుడు మా దోస్త్ ఒకడు తాలింఖానాకి తీసుకుపోయాడు. పాతబస్తీలో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తున్నాను. మన దగ్గర కుస్తీ పాత విద్య. బార్కస్ పేరు వినే ఉంటారు. నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయిందంటారు. పహిల్వాన్లకి పేరు పడ్డ చోటు. ఇట్లాంటి బస్తీల్లో తాలింఖానాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మట్టి గోదా, దండీలు, బస్కీలు, ముగ్దర్లు, గద. డంబెల్ అద్దంలో చూసుకునే పని లేదు, ఎందుకంటే అక్కడ అద్దమే ఉండదు.

అక్కడున్న ఉస్తాద్‌కి డెబ్బై దాటి ఉంటాయి. నా షెడ్యూల్ మొత్తం విన్నారు. విని ఉర్దూలో ఒక్క మాట అన్నారు. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: "బేటా, నువ్వు రోజూ పరీక్ష రాస్తున్నావు. మరి చదువుకునేది ఎప్పుడు?"

ఈ మాటని పట్టుకుని ఇంటికొచ్చి సైన్స్ ఏమంటుందో చదవడం మొదలుపెట్టాను. చదివితే నా కథ 1980లోనే ఒకాయన రాసిపెట్టి ఉన్నాడు!

ఆయన పేరు రాబర్ట్ హిక్సన్, అమెరికన్ శాస్త్రవేత్త. స్వతహాగా బరువులెత్తే మనిషి. జాన్ హోలోజీ అనే పెద్ద ప్రొఫెసర్ దగ్గర పనిచేయడానికి చేరాడు. హోలోజీకి పరుగంటే ఇష్టం. ఆయనతో పాటు పరిగెత్తుతూ పోతే హిక్సన్‌కి తన కండ తగ్గుతున్నట్టు అనిపించింది. తర్వాత సొంతంగా దీన్నే ప్రయోగంగా పెట్టాడు. మూడు గ్రూపులు, పది వారాలు. ఒక గ్రూపు వారానికి ఐదు రోజులు కాళ్ల బలానికి బరువులు. ఇంకో గ్రూపు ఆరు రోజులు సైకిలు, పరుగు. మూడో గ్రూపు రెండూ.

ఏమైంది? రెండూ చేసినవాళ్ల దమ్ము, దమ్ము గ్రూపుతో సమానంగానే పెరిగింది. బలం కూడా మొదటి ఏడు వారాలు బలం గ్రూపుతో సమానంగానే పెరిగింది. ఆ తర్వాత ఆగిపోయింది. తొమ్మిది, పది వారాల్లో తగ్గడం మొదలైంది. నాకు ఎనిమిదో వారంలో స్క్వాట్ పడిపోయింది కదా, ఈ పేపర్ చదువుతుంటే నా జిమ్ డైరీ చదువుతున్నట్టే ఉంది. దీనికే ఇంటర్‌ఫియరెన్స్ ఎఫెక్ట్ అని పేరు. "రన్నింగ్ చేస్తే కండ కరిగిపోతుంది" అని జిమ్‌లో వినిపించే మాటకి మూలం ఇదే.

లోపల ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తాను. కండరం లోపల రెండు సిగ్నళ్లు ఉంటాయి. బరువులెత్తి, ప్రోటీన్ తింటే ఎంటార్ అనే సిగ్నల్ ఆన్ అవుతుంది. "కట్టు, పెంచు" అని దాని ఆర్డర్. చాలాసేపు పరిగెత్తి శక్తి తగ్గిపోతే ఏఎంపీకే అనే ఇంకో సిగ్నల్ ఆన్ అవుతుంది. "ఇంట్లో రేషన్ అయిపోతోంది, కొత్త కట్టడాలు ఆపు, ఇంధనం బాగా వాడుకోవడం నేర్చుకో" అని దాని ఆర్డర్. రెండూ ఒకేసారి గట్టిగా మోగితే మేస్త్రీ ఎవరి మాట వినాలి? ల్యాబ్‌లో ఇది కనిపిస్తుంది. కానీ నిజం మనిషిలో అంత తెలుపు నలుపుగా ఉండదు. దానికంటే పెద్ద కారణం మామూలుదే. అలసట. అలసిన కాళ్లతో పోతే బరువు సరిగ్గా ఎత్తలేం, సరిగ్గా ఎత్తకపోతే బలం పెరగదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. హిక్సన్ పెట్టిన డోసు చూడండి. ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు గట్టి ఎండ్యూరెన్స్. మనలో ఎంతమంది అంత చేస్తారు? 2022లో 43 అధ్యయనాలని కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. దాని సారాంశం ఏమిటంటే, రెండూ కలిపి చేసినా కండ పెరగడానికీ, గరిష్ఠ బలం పెరగడానికీ అడ్డం రాదు. దెబ్బ తగిలేది ఒక్కదానికి: పేలుడు బలం. అంటే దూకడం, విసరడం, ఒక్క ఉదుటున లేవడం. అది కూడా ఎక్కువగా రెండూ ఒకే సెషన్‌లో చేసినప్పుడు.

ఇది ఎవరికి ముఖ్యమో తెలుసా? కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో ఉన్న తమ్ముళ్లకి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ గుర్తుంది కదా. మగవాళ్లకి 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల గుండు 6 మీటర్లు. ఒకే మనిషికి దమ్మూ కావాలి, పేలుడు బలమూ కావాలి. గ్రౌండ్‌లో చూస్తుంటాను, పిల్లలు ముందు నాలుగు రౌండ్లు చచ్చేలా పరిగెత్తి, ఆ తర్వాత జంప్ ప్రాక్టీస్ చేస్తారు. ఉల్టా చేయండి. కాళ్లు ఫ్రెష్‌గా ఉన్నప్పుడే జంపులు, త్రోలు. పరుగు తర్వాత, లేదంటే ఇంకో పూట.

ఇక రన్నర్ల భయం సంగతి. బరువులెత్తితే పరుగు పాడవుతుందా? 2008లో నార్వేలో ఒక అధ్యయనం జరిగింది. బాగా పరిగెత్తేవాళ్లని తీసుకుని, వాళ్ల రన్నింగ్‌కి తోడు ఎనిమిది వారాలు, వారానికి మూడుసార్లు బరువైన హాఫ్ స్క్వాట్లు చేయించారు. నాలుగు సెట్లు, సెట్‌కి నాలుగే రెప్స్. ఒంటి బరువు పెరగలేదు. అదే స్పీడ్‌కి ఖర్చయ్యే శక్తి మాత్రం 5 శాతం తగ్గింది. బండి అదే, మైలేజీ పెరిగింది. కాబట్టి మన మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు ఏడ్చే రన్నర్లందరూ స్క్వాట్ ర్యాక్ దగ్గరికి రండి.

పాత పహిల్వాన్లకి ఈ రెండూ ఎందుకు కావాలో చెప్పడానికి గామా పహిల్వాన్ ఒక్కడు చాలు. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జ్బిస్కోతో కుస్తీ పట్టాడు. ఆ కుస్తీ రెండున్నర గంటలు దాటినా తేలలేదు. మళ్లీ అదే ఇద్దరు 1928లో పాటియాలాలో తలపడ్డారు. ఈసారి నిమిషం లోపే గామా పడగొట్టాడు. ఒకే ప్రత్యర్థి మీద ఒకసారి రెండున్నర గంటల దమ్ము కావాల్సి వచ్చింది, ఇంకోసారి ఒక్క నిమిషం ఉదుటు. గోదాలో ఏది అడుగుతారో ముందు తెలియదు. జీవితంలో కూడా అంతే కదా.

ఇప్పుడు పని మాట. నేను నేర్చుకుని, పాటిస్తున్న రూల్స్ చెప్తాను. రాసుకోండి.

ఒకటి. ఈ మూడు నెలలకి ఏది ముఖ్యమో ఒక్కటి తేల్చుకోండి. రెండూ చేయొచ్చు, రెండిట్లో ఒకేసారి రికార్డులు కొట్టడం కష్టం. ఒకటి పెంచేటప్పుడు రెండోది పడిపోకుండా చూసుకుంటే చాలు. పెంచడానికి పట్టేంత కష్టం నిలబెట్టుకోవడానికి అక్కర్లేదు.

రెండు. రెండూ ఒకే రోజు చేయాల్సి వస్తే మధ్యలో గ్యాప్ ఇవ్వండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, కనీసం ఆరు గంటల తేడా ఉంటే బెస్ట్. అది కుదరదు, ఒకే గంట దొరుకుతుంది అంటే, ఏది ముఖ్యమో అది ముందు.

మూడు. కాళ్ల బరువుల రోజుకీ, గట్టి పరుగు రోజుకీ మధ్య కనీసం ఒక రోజు వదలండి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. సోమవారం స్క్వాట్లు, మంగళవారం ఫలక్‌నుమా గుట్ట ఎక్కే పరుగు. ఎముక నొప్పి రాక ఏం చేస్తుంది?

నాలుగు. మీ పరుగుల్లో ఎక్కువ భాగం నిజంగా ఈజీగా ఉండాలి. ఈజీ అంటే? పక్కనున్నవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట్లాడలేకపోతే ఎక్కువ స్పీడ్. పక్కన బండివాడు ఓవర్‌టేక్ చేసినా పట్టించుకోవద్దు. ఉస్తాద్ చెప్పిన "రోజూ పరీక్ష" ఇదే. గట్టి పరుగు వారానికి ఒకటి చాలు.

ఐదు. తినండి. రెండు పనులు చేయించుకుంటూ ఒక పని కూలి ఇస్తే ఒళ్లు ఊరుకోదు. కండ కోసం కిలో బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్క పెట్టుకోండి. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పల్లీల్లో పాతిక, వంద గ్రాముల వండిన చికెన్‌లో సుమారు 27. పప్పు, పెరుగు, పెసలు ఉండనే ఉన్నాయి. అన్నం మానేయకండి, పరుగుకి పెట్రోల్ అదే. ఉస్మానియా బిస్కెట్, చాయ్ మాత్రం భోజనం కింద లెక్క రాదు, నేను కూడా ట్రై చేశాను.

ఆరు. నిద్ర. నైట్ షిఫ్ట్ చేసిన మర్నాడు గట్టి వర్కౌట్ పెట్టకండి. రంజాన్ నెలలో మా జిమ్‌కి రాత్రి పదకొండుకి వచ్చే దోస్తులని చూస్తాను. తెలివైనవాళ్లు ఆ నెల బరువులూ దూరమూ తగ్గించి, ఉన్నది కాపాడుకుంటారు. పండగ తర్వాత మళ్లీ పెంచుతారు. అది బద్ధకం కాదు, ప్లానింగ్.

నా వారం ఇప్పుడు ఇట్లా ఉంది. సోమవారం కాళ్ల బరువులు, 45 నిమిషాలు. మంగళవారం ఈజీ రన్, అరగంట నుంచి నలభై నిమిషాలు. బుధవారం ఛాతీ, వీపు, భుజాలు. గురువారం గట్టి పరుగు, గుట్ట మీదకి ఆరుసార్లు ఎక్కి, నడుస్తూ దిగడం. శుక్రవారం ఒళ్లంతా బరువులు, కాళ్లకి తేలిక. శనివారం రెస్ట్, పూర్తిగా రెస్ట్. ఆదివారం పొద్దున ఐదున్నరకి లాంగ్ రన్, అది కూడా ఈజీ. ఎండాకాలంలో ఇంకా ముందే. అంటే బరువులు మూడు రోజులు, పరుగు మూడు రోజులు. ముందు పదికి పది సెషన్లు చేసినప్పటికంటే, ఇప్పుడు ఆరు చేస్తూ రెండూ ఎక్కువ పెరిగాయి. హాఫ్ మారథాన్ ఆ ఏడు వదిలేశాను, ఎముక నొప్పి తగ్గాక నెక్స్ట్ ఇయర్ పూర్తి చేశాను. టైమ్ అడక్కండి, పూర్తి చేశాను అంతే.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. నాన్న.

ఈ టాపిక్ ఆరు పలకల బాడీ కావాలనుకునే కుర్రాళ్లదే అనుకుంటే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చూడండి. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకి బలం ఇచ్చే వ్యాయామం. మన ఇళ్లల్లో మొదటి సగమే వినిపిస్తుంది. "రోజూ నడువు" అని చెప్తాం. రెండో సగం ఎవరూ చెప్పరు.

షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అమెరికాలోని లూసియానాలో టైప్ 2 షుగర్ ఉన్న 262 మంది మీద తొమ్మిది నెలలు చేసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. కొందరికి నడకే, కొందరికి బరువులే, కొందరికి రెండూ కలిపి. వారానికి పట్టే టైమ్ దాదాపు సమానమే. మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, వ్యాయామం లేని గ్రూపుతో పోలిస్తే స్పష్టంగా తగ్గింది రెండూ కలిపి చేసినవాళ్లకే. ఎందుకు? తిన్న గ్లూకోజ్‌లో పెద్ద వాటా పోయి చేరే గోడౌన్ కండరమే. నడక ఆ గోడౌన్‌ని ఖాళీ చేస్తుంది. బరువులు గోడౌన్‌నే పెద్దది చేస్తాయి. రెండూ కావాలి.

ఇదంతా నాన్నకి చెప్తే, "ఈ వయసులో నన్ను పహిల్వాన్ని చేస్తావారా?" అన్నారు. డాక్టర్‌ని అడిగి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టాం. మీరు కూడా అంతే. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లకి కొత్త వ్యాయామం మొదలుపెట్టినప్పుడు షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. బీపీ, గుండె సమస్యలున్నవాళ్లు అసలు అడగకుండా మొదలుపెట్టొద్దు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయాలి.

ఆయన వాకింగ్‌లో ఒక్క రోజు కూడా ముట్టుకోలేదు, ముట్టుకుంటే కోపం వస్తుంది. మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఇరవై నిమిషాలు కలిపాం. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, ఎనిమిదిసార్లు, మూడు సెట్లు. గోడ మీద పుషప్స్. మెట్టు పట్టుకుని మడమలు లేపడం. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని వరండాలో నడక. సంచుల్లో మొదట రెండు రెండు కిలోల కందిపప్పు. ఇప్పుడు ఐదు ఐదు కిలోల బియ్యం. కుర్చీ కింద మొదట రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాం. నెల తర్వాత ఒక దిండు తీసేశాం. ఇంకో నెలన్నరకి రెండోది. ఆ తర్వాత చిన్న పీట. బరువు పెంచడమంటే జిమ్‌లో ప్లేట్లు ఎక్కించడమే కాదు, దిండు తీసేయడం కూడా.

ఈసారి బోనాలకి మళ్లీ చాపలు పరిచాం. మా అమ్మ నాన్న కోసం కుర్చీ తెచ్చి పెట్టింది. ఆయన కుర్చీ పక్కకి జరిపి కింద కూర్చున్నారు. తిన్నారు. అందరూ లేచేదాకా ఆగారు, అంటే కొంచెం భయం ఉందనే అర్థం. నేను దగ్గరికి పోబోతే చేత్తోనే ఆగమన్నారు. ఒక మోకాలు ముందుకి పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి, లేచారు. గోడ పట్టుకోలేదు. లేచి నేరుగా చెయ్యి కడుక్కోవడానికి పోయారు, ఏమీ జరగనట్టు.

నేను 120 కిలోలు ఎత్తిన రోజు కూడా అంత సంతోషం లేదు.

కాబట్టి ఇవాళ ఒక్క పని చేయండి. మీ ఇంట్లో రోజూ నడిచే పెద్దవాళ్లుంటే, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవగలరేమో పక్కనే నిలబడి చూడండి. మీరు జిమ్ చేసేవాళ్లైతే, మూడు అంతస్తులు ఆగకుండా ఎక్కి, పైకి పోయాక మాట్లాడగలరేమో చూసుకోండి. మీకు ఏ సగం తక్కువో తెలిసిపోతుంది. ఆ సగంతో మొదలుపెట్టండి, వారానికి రెండు రోజులు చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు స్క్వాట్ ఎట్లా మొదలుపెట్టాలో చేసి చూపిస్తాను. నాన్న కూడా వస్తానన్నారు, చాయ్ ఇప్పిస్తేనే అని కండిషన్. అప్పటిదాకా ఉంటాను. నమస్తే, ఖుదా హాఫిజ్.